పీఎస్5కి మానిటర్: 165 హెర్ట్జ్ అని కొని 60 దగ్గర ఇరుక్కున్న నా అనుభవం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: హాల్లో టీవీ మీకు దక్కట్లేదు, పీఎస్5ని (సోనీ గేమ్ కన్సోల్) మీ గదిలోకి మార్చుకుని టేబుల్ మీద పెట్టుకుంటారు, బడ్జెట్ 25,000. 24 అంగుళాల 240 హెర్ట్జ్ (స్క్రీన్ సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందన్న లెక్క) ఫుల్ హెచ్‌డీ మానిటర్ తీసుకోవాలా, 27 అంగుళాలదా, లేదంటే అదే డబ్బుకి 43 అంగుళాల టీవీ రాదా అని. ముందు జవాబు చెప్పేస్తాను, నా బాధ తర్వాత చెప్పుకుంటాను. 27 అంగుళాలు, 1440పీ (2560 x 1440 చుక్కలు, ఫుల్ హెచ్‌డీ కంటే స్పష్టం), ఐపీఎస్ అనే రకం ప్యానెల్, హెచ్‌డీఎంఐ (పీఎస్5ని స్క్రీన్‌కి కలిపే కేబుల్, పోర్టు) మీద 120 హెర్ట్జ్ తీసుకునేది కొనండి. ఆ "హెచ్‌డీఎంఐ మీద" అన్న ముక్క పట్టించుకోకే నేను దెబ్బతిన్నాను.

మాది నిజాంపేట్. మా ఇంట్లో సాయంత్రం ఏడు నుంచి పది దాకా టీవీ అమ్మది, అందులో మారుమాట లేదు. ఒకసారి యాడ్స్ వస్తున్నాయి కదా అని మెల్లగా ఇన్‌పుట్ మార్చాను. "నీ ఆట ఎక్కడికి పోతదిరా, నా సీరియల్ పోతే మళ్ళీ వస్తదా" అంది. (మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ వేస్తారు, కానీ ఆ మాట అనే ధైర్యం నాకు లేదు.) ఆ శనివారమే జేఎన్‌టీయూ దగ్గర మెట్రో ఎక్కి, అమీర్‌పేట్‌లో మారి, ప్యారడైజ్‌లో దిగి పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి పోయాను. అక్కడ ఒక షాపులో కుర్రాడు 27 అంగుళాల మానిటర్ చూపించి "అన్నా, గేమింగ్ మానిటర్, 165 హెర్ట్జ్, పీఎస్5కి మస్తు నడుస్తది, టెన్షన్ పడకు" అన్నాడు. డబ్బా మీద కూడా 165 అని అరచేతంత స్టిక్కర్, పక్కన ఫ్రీసింక్, హెచ్‌డీఆర్, 1 ఎంఎస్. కంప్యూటర్‌కి తగిలించి చూపిస్తే మౌస్ వెన్నలా జారింది. 18,500 కట్టేసి ఆటోలో ఒళ్ళో పెట్టుకుని మరీ తెచ్చుకున్నాను.

ఇంటికొచ్చి పీఎస్5 తగిలిస్తే బొమ్మ వచ్చింది, శబ్దం రాలేదు. అరగంట సౌండ్ సెట్టింగుల్లో తిరిగాక తెలిసింది, దానికసలు స్పీకర్లే లేవని. సరే అనుకుని సెట్టింగ్స్‌లో స్క్రీన్ అండ్ వీడియో, అందులో వీడియో అవుట్‌పుట్, దాని కింద వీడియో అవుట్‌పుట్ ఇన్ఫర్మేషన్ తెరిచాను. 2560 x 1440, 60 హెర్ట్జ్ అని ఉంది. కేబుల్ తీసి రెండో పోర్టుకి పెట్టాను, మళ్ళీ అరవయ్యే. అప్పుడు కంపెనీ సైట్‌లో మాన్యువల్ దించుకుని చూస్తే చిన్న అక్షరాల్లో ఒక లైను ఉంది: 165 డిస్‌ప్లేపోర్ట్ (కంప్యూటర్లకి ఉండే ఇంకో రకం వీడియో పోర్టు) మీద, హెచ్‌డీఎంఐ మీద 75 మాత్రమే. 120 అందుకోలేని స్క్రీన్‌కి పీఎస్5 పంపేది 60యే. పీఎస్5 వెనక డిస్‌ప్లేపోర్ట్ అనేదే లేదు, ఉన్నది హెచ్‌డీఎంఐ ఒక్కటే. నేనక్కడితో ఆగానా, 600 పెట్టి హెచ్‌డీఎంఐ నుంచి డిస్‌ప్లేపోర్ట్ అని ఒక కేబుల్ తెప్పించాను, అది కంప్యూటర్ డిస్‌ప్లేపోర్ట్ నుంచి టీవీ హెచ్‌డీఎంఐకి మాత్రమే పనిచేసే రకం, తిరగేసి పెడితే నల్లటి స్క్రీన్. షాపుకి ఫోన్ చేస్తే సీల్ తీసినాక వాపస్ ఉండదన్నారు. చివరికి ఆఫీసులో కంప్యూటర్ మీద ఆడే ఫ్రెండ్‌కి నాలుగు వేలు నష్టానికి ఇచ్చేశాను. వాడు డిస్‌ప్లేపోర్ట్‌కి తగిలించుకుని ఇప్పటికీ హాయిగా ఆడుతున్నాడు. అంటే మానిటర్ మంచిదే, నాకు పనికొచ్చేది కాదంతే.

ఇక మీ విషయానికి వస్తే, 240 హెర్ట్జ్ మర్చిపోండి. పీఎస్5 ఎంత చేసినా 120 దాటి పంపదు, ఆ పైన ఉన్నదంతా మీరు ఊరికే కట్టే డబ్బు. ఆ 120 కూడా అన్ని గేముల్లో రాదు, ఫోర్ట్‌నైట్, కాల్ ఆఫ్ డ్యూటీ లాంటి కాల్పుల గేముల్లో తేడా చేతికి తెలుస్తుంది, కథ నడిచే పెద్ద గేములు చాలావరకు 30 లేదా 60 మీదే నడుస్తాయి. అందుకే నా లెక్కలో రోజూ పనికొచ్చేది బొమ్మ స్పష్టత, 120 దాని తర్వాతే. 27 అంగుళాల్లో ఫుల్ హెచ్‌డీ మాత్రం వద్దు, మూడడుగుల దూరం నుంచి అక్షరాల అంచులు గరగరలాడుతూ కనిపిస్తాయి: అంగుళానికి 82 చుక్కలు ఎక్కడ, 1440పీలో వచ్చే 109 ఎక్కడ. టేబుల్ బాగా ఇరుకైతే 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తప్పేం కాదు, కానీ మీ బడ్జెట్‌కి అంత తగ్గాల్సిన పని లేదు.

"పీఎస్5కి 1440పీ రాదు" అని పాత వీడియోల్లో ఇంకా కనిపిస్తుంటుంది. 2020లో వచ్చినప్పుడు నిజంగానే లేదు, 2022 సెప్టెంబర్ అప్‌డేట్‌లో ఇచ్చారు. దీనికి హెచ్‌డీఎంఐ 2.0 ఉన్నా చాలు, 1440పీలో 120 వచ్చేస్తుంది. 2.1 కావాల్సింది రెండింటికి: 4కేలో 120కి, వీఆర్ఆర్‌కి. వీఆర్ఆర్ అంటే గేమ్ ఫ్రేములు ఎగుడుదిగుడుగా వస్తున్నప్పుడు స్క్రీన్ కూడా దానికి తగ్గట్టు వేగం మార్చుకోవడం, ఉంటే కదలిక చిరిగినట్టు కనిపించదు. ఫ్రీసింక్ (ఇదే పని చేసే ఏఎండీ కంపెనీ పద్ధతి) స్టిక్కర్ చూసి పీఎస్5కి కూడా వీఆర్ఆర్ వస్తుందనుకోవద్దు, పీఎస్5 హెచ్‌డీఎంఐ 2.1 వీఆర్ఆర్‌ని మాత్రమే వాడుకుంటుంది. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్ ఉన్నవాళ్ళకి ఈ బాధ లేదు, వాటికి ఫ్రీసింక్ పనిచేస్తుంది. ఇక్కడ ఇంకో మెలిక ఉంది: కొన్ని మానిటర్ల డబ్బా మీద 2.1 అని రాసి ఉన్నా లోపల 2.0 పనులే చేస్తాయి, హెచ్‌డీఎంఐ నిబంధనలు దానికి ఒప్పుకుంటాయి కూడా. కాబట్టి ఆ నంబర్ నమ్మకుండా హెచ్‌డీఎంఐ పక్కన ఏ రిజల్యూషన్‌లో ఎన్ని హెర్ట్జ్ అని రాసిన లైను వెతకండి. అది దొరక్కపోతే ఆ మోడల్ వదిలేయడమే.

4కే మీద మనసు పోతే పోనివ్వండి గానీ, 4కేలో 120 తీసుకునే మంచి మానిటర్ అంటే మీ బడ్జెట్ దాటుతుంది, పైగా చాలా గేముల్లో పీఎస్5 తక్కువ రిజల్యూషన్‌లో గీసి సాగదీసి చూపిస్తుంది.

హెచ్‌డీఆర్ (వెలుగు నీడల తేడా బాగా చూపే పద్ధతి) 400 అన్న మాటకి ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి. వెలుగు చాలదు, నల్లని చోట వెలుగు తగ్గించే ఏర్పాటు ఉండదు, నా రెండో మానిటర్‌లో ఆన్ చేస్తే ఆకాశం ఉతికి ఆరేసిన చీరలా వెలిసిపోయింది. పీఎస్5 సెట్టింగుల్లో ఆఫ్ చేసి పెట్టుకున్నాను. వీఏ అనే ఇంకో రకం ప్యానెల్‌లో నలుపు బాగుంటుంది, కానీ చవకవాటిలో చీకటి సీన్లలో కెమెరా తిప్పితే వెనక మసి పూసినట్టు జాడ వస్తుంది, నాకది అస్సలు పడలేదు. ఐపీఎస్‌లో చీకటి గదిలో మూలలు కాస్త తెల్లగా మెరుస్తాయి, వెనక ఒక చిన్న లైటు వేసుకుంటే కనబడదు.

శబ్దం సంగతి ముందే ఆలోచించుకోండి. పీఎస్5కి మామూలు బ్లూటూత్ ఇయర్‌బడ్స్ నేరుగా కలవవు, ఇది తెలియక చాలామంది తిట్టుకుంటారు. కంట్రోలర్ కింద ఉన్న రంధ్రంలో ఏ వైర్ ఇయర్‌ఫోన్ పెట్టినా పనిచేస్తుంది, రాత్రి పూట నేను వాడేది అదే. స్పీకర్లు కావాలంటే మానిటర్ వెనక హెడ్‌ఫోన్ జాక్ ఉందో లేదో చూసి తీసుకోండి, పీఎస్5లో స్పీకర్లకి శబ్దం పంపే ఆప్టికల్ పోర్ట్ లేదు.

టీవీ మాట. 2025 సెప్టెంబర్‌లో 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి 43 అంగుళాలవి ఇప్పుడు ఊరిస్తున్నాయి, నిజమే. మంచం మీద వాలి ఆరడుగుల దూరం నుంచి ఆడే అలవాటైతే టీవీయే తీసుకోండి, గేమ్ మోడ్ ఆన్ చేయడం మర్చిపోవద్దు, లేకపోతే బటన్ నొక్కిన కాసేపటికి గుద్దు పడుతుంది. కానీ మీరు టేబుల్ అన్నారు. అంత దగ్గర్లో 43 అంగుళాలంటే ఆ మూల మ్యాప్ చూడ్డానికి, ఈ మూల బుల్లెట్లు చూడ్డానికి మెడ తిప్పాల్సిందే.

రెండోసారి నేను చేసిన పని మీరూ చేయండి: పీఎస్5ని టవల్‌లో చుట్టి బ్యాగులో పెట్టుకుని షాపుకి పోయాను. పాత డిస్క్ మోడల్, నాలుగున్నర కిలోలు, సీటీసీ మెట్లెక్కేసరికి భుజం లాగింది. "దీన్ని కూడా అమ్ముతవా అన్నా" అని కౌంటర్ దగ్గర నవ్వారు. నవ్వనీయండి. డబ్బు కట్టకముందే తగిలించి, వీడియో అవుట్‌పుట్‌లో 1440పీ టెస్ట్ నడిపి, 120 హెర్ట్జ్ అవుట్‌పుట్‌ని ఆటోమేటిక్‌లో పెట్టి, 120 మోడ్ ఉన్న గేమ్ ఒకటి తెరిచి, ఆ ఇన్ఫర్మేషన్ పేజీలో 120 అని కళ్ళారా చూసి అప్పుడు కార్డు తీశాను. కన్సోల్‌తో పాటు డబ్బాలో వచ్చిన కేబులే వాడండి, అది 2.1 రకమే, కొత్తది కొనక్కర్లేదు.

ఆన్‌లైన్‌లో కొనే ఉద్దేశం ఉంటే మోడల్ నంబర్ పూర్తిగా, చివరి అక్షరాలతో సహా, కింద రాయండి. ఒకే పేరుతో రెండు మూడు రకాల పోర్టులున్నవి వస్తుంటాయి. మాన్యువల్‌లో హెచ్‌డీఎంఐ లైను చూసి చెప్తాను.