ఊడింది 15 డాలర్ల మూత, బిల్లు 2,870 డాలర్లు

ప్రశ్న: సార్, మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో 24 అడుగుల ట్రావెల్ ట్రైలర్ (కారు వెనక లాగే చక్రాల ఇల్లు) కొన్నాం. 2019 మోడల్, రెండు యాక్సిళ్లు, నాలుగు చక్రాలు. లోన్ లేదు, క్యాష్ పెట్టే కొన్నాం. ఏడాదికి ఐదారు ట్రిప్పులు, మొత్తం 3,000 మైళ్లు తిరుగుతాం. అక్టోబర్లో పాలో డూరో కాన్యన్ నుంచి వస్తుంటే ఒక చక్రం హబ్ కవర్ దారిలో ఎక్కడో పడిపోయింది. అది కొందామని సర్వీస్ షాపుకు వెళ్తే పెద్ద లిస్టే చేతిలో పెట్టారు: అల్యూమినియం రిమ్ములు నాలుగు 960, టైర్లు నాలుగు 720, క్రోమ్ హబ్ కవర్లు 180, బేరింగ్ సర్వీస్ 320, మూడేళ్ల టైర్-వీల్ ప్రొటెక్షన్ ప్లాన్ 690. మొత్తం 2,870 డాలర్లు. షాపు కార్డు మీద తీసుకుంటే 12 నెలలు వడ్డీ లేదట, నెలకు 90 కడితే చాలట. ఎమర్జెన్సీ ఫండ్‌లో 9,000 ఉన్నాయి. క్రెడిట్ కార్డు మీద 4,000 బాకీ ఉంది, 24 శాతం వడ్డీ. ఫండ్ తీయాలా, షాపు కార్డు తీసుకోవాలా? ట్రైలర్‌ను రెండో ఇల్లుగా చూపించి ఈ ఖర్చు ట్యాక్స్‌లో తగ్గించుకోవచ్చని ఫ్రెండ్ అంటున్నాడు, నిజమేనా?

జవాబు: ముందు మీ ఫ్రెండ్ సంగతి తేల్చేద్దాం. పడక, వంట, టాయిలెట్ ఉన్న ట్రైలర్‌ను రెండో ఇల్లుగా చూపించే వీలున్న మాట నిజమే. కానీ ఆ మినహాయింపు ట్రైలర్ మీద తీసుకున్న లోన్ వడ్డీకి. మీకు లోనే లేదు. టైర్లూ గ్రీజూ ఆ మినహాయింపు కిందకు రావు.

ఇక షాపు కార్డు. వద్దు. "12 నెలలు వడ్డీ లేదు" అనే ఇలాంటి ఆఫర్లలో చాలావాటికి ఒక మెలిక ఉంటుంది. గడువు లోపల మొత్తం బాకీ తీర్చకపోతే, కొన్న రోజు నుంచీ లెక్కగట్టి వడ్డీ అంతా ఒకేసారి వేస్తారు. నెలకు 90 చొప్పున ఏడాది కడితే 1,080 అవుతుంది, ఇంకా 1,790 మిగిలే ఉంటుంది. ఆ కార్డు వడ్డీ 30 శాతం అనుకుంటే 13వ నెలలో మీ మీద పడే పాత వడ్డీ సుమారు 700 డాలర్లు. "90 కడితే చాలు" అన్న ఆ మనిషి అబద్ధం చెప్పలేదు, ఎన్నాళ్లకు చాలో చెప్పలేదంతే. అవతల ఇప్పటికే ఉన్న 4,000 బాకీకి నెలకు 80 డాలర్లు వడ్డీకే పోతోంది. దాని పక్కన ఇంకో కార్డు చేర్చడమెందుకు?

ఇప్పుడు లిస్టులో ఏది అవసరం, ఏది కాదు అన్నది చూద్దాం. నేను మెకానిక్‌ను కాను గానీ, పదేళ్లు ఒక చిన్న ట్రైలర్‌ను మేపినవాణ్ని.

మీరు హబ్ కవర్ అంటున్నది చక్రం మధ్యలో తళతళలాడే మూత. దాని వెనక గిన్నెలా ఇంకో చిన్న మెటల్ మూత ఉంటుంది, డస్ట్ క్యాప్ అంటారు. పైది అలంకారం, లోపలిది ప్రాణం. చక్రంలో ముందొకటి, వెనకొకటి రెండు రోలర్ బేరింగులు గ్రీజులో తిరుగుతుంటాయి. వెనక వైపు సీల్, ముందు వైపు ఈ డస్ట్ క్యాప్ ఆ గ్రీజును కాపాడతాయి. ఇదీ పోతే నీళ్లు, దుమ్ము లోపలికి దిగుతాయి. బేరింగ్ వేడెక్కి పట్టేస్తే ఒక్కోసారి యాక్సిలే మార్చాల్సి వస్తుంది, ఒక్కోసారి చక్రమే ఊడి పక్క లేన్‌లోకి పోతుంది. కాబట్టి ఇవాళే ట్రైలర్ పెట్టిన స్టోరేజీకి వెళ్లి, కవర్ పోయిన చక్రానికి డస్ట్ క్యాప్ ఉందో లేదో చూడండి. అది ఉంటే, పోయిన కవర్ విలువ 15 డాలర్ల లోపే.

మన ఊళ్లో ఎడ్లబండి కింద కందెన గొట్టం వేలాడుతుండేది, గుర్తుందా? ఆముదంలో వరిగడ్డి మసి కలిపి ఇరుసుకు పూసేవారు. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అనే సామెత ఊరికే పుట్టలేదు. హైవే మీద ఏసీ వేసుకుని, పాటలు పెట్టుకుని వెళ్తున్నప్పుడు వెనక ట్రైలర్ చేసే ఆ సంగీతం మనకు వినపడదు, అదీ చిక్కు. యాక్సిల్ తయారీదారులు 12 నెలలకు లేదా 12,000 మైళ్లకు, ఏది ముందైతే దానికి, బేరింగులు విప్పి చూసి గ్రీజు పెట్టమంటారు. మీరు తిరిగేది 3,000 మైళ్లే కాబట్టి మీకు వర్తించేది 12 నెలల లెక్క. కొన్నాక ఒక్కసారైనా చేయించారో లేదో మీరు రాయలేదు. చేయించలేదనే అనుకుంటున్నాను. ఆ 320 పెట్టండి, ఇందులో బేరం వద్దు.

డస్ట్ క్యాప్ మధ్యలో రబ్బరు మూత కింద గ్రీజు గన్ పెట్టే నిపిల్ కనిపిస్తే, యూట్యూబ్ చూసి మీరే కొట్టేద్దామని సరదా పుడుతుంది. నాకూ పుట్టింది. చక్రాన్ని పైకి లేపి, తిప్పుతూ, నెమ్మదిగా కొట్టాలని తెలియక గబగబా కొట్టేశాను. గ్రీజు వెనక సీల్ దాటి బ్రేక్ షూల మీదకు కారింది. 10 డాలర్ల గ్రీజుతో పోయేదానికి 380 డాలర్ల బ్రేక్ రిపేర్ తెచ్చుకున్నాను. మా ఆవిడ ఇప్పటికీ గ్రీజు గన్ కనపడితే నావైపు చూస్తుంది.

టైర్లు. అరుగుదల చూసి బాగున్నాయనుకోకండి, ట్రైలర్ టైర్లు అరిగేలోపే ముసలివైపోతాయి. సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద డాట్ (DOT) అని మొదలయ్యే నంబర్ చివర నాలుగు అంకెలు చూడండి. 1119 అని ఉంటే 2019లో 11వ వారం తయారైందని అర్థం. అవే పాత టైర్లయితే ఆరేళ్లు దాటాయి, పైగా టెక్సస్ ఎండలో నిలబడి ఉన్నాయి. మార్చాల్సిందే. స్పేర్ టైర్‌దీ అదే వయసు, షాపువాళ్లు దాన్ని మర్చిపోయారు. 2025 జనవరి 1 నుంచి టెక్సస్‌లో సొంత వాహనాలకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు కాబట్టి ఏడాదికోసారి ఎవరో చూసి చెప్తారన్న ధీమా కూడా లేదు. అదే సైజు, అదే లోడ్ రేంజ్ (ఎంత బరువు మోస్తుందో చెప్పే అక్షరం) రాసుకుని వెళ్లి మామూలు టైర్ షాపులో కూడా ధర అడగండి. ఇంకోటి, ఇలాంటి టైర్లలో చాలావాటికి, ఇంకా ఎక్కువ వేగం రేటింగ్ అక్షరం లేకపోతే, పరిమితి గంటకు 65 మైళ్లు. 287 హైవే మీద అమరిల్లో వైపు అందరూ 75లో పోతుంటే మీరూ పోయారా? దానికి మాత్రం నా దగ్గర ఫైనాన్స్ ప్లాన్ లేదు.

అల్యూమినియం రిమ్ములు పూర్తిగా షోకు. మీ స్టీల్ రిమ్ములకు పగుళ్లు లేకపోతే, నట్ల రంధ్రాలు సాగిపోకపోతే, తుప్పు మచ్చలను వైరు బ్రష్‌తో గీకి 20 డాలర్ల పెయింట్ వేసుకోండి. లగ్ నట్ (చక్రాన్ని బిగించే నట్టు) కూర్చునే చోట, రిమ్ము హబ్బుకు ఆనే చోట మాత్రం పెయింట్ పడకూడదు, పడితే బిగింపు నిలవదు. ఎప్పటికైనా రిమ్ములు మార్చినా అందం కాదు, వెనక రాసి ఉన్న లోడు, గాలి పరిమితి చూసి కొనాలి. 80 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) టైరును 65 పీఎస్‌ఐ రిమ్ముకు ఎక్కిస్తే పెట్టిన డబ్బు దండగ, పైగా ప్రమాదం.

క్రోమ్ హబ్ కవర్లతో ఇంకో ఇబ్బంది ఉంది. కొన్ని రకాలు లగ్ నట్లను కూడా కప్పేస్తాయి. కనపడనిదాన్ని ఎవరూ చూడరు. చక్రం విప్పి పెట్టాక మొదటి 10, 25, 50 మైళ్ల దగ్గర నట్లను టార్క్ రెంచ్‌తో (ఎంత బిగించామో చూపించే రెంచ్) మళ్లీ సరిచూడాలి, ఎంత బిగించాలన్నది మీ యాక్సిల్ మాన్యువల్‌లో ఉంటుంది. ప్రతిసారీ నాలుగు మూతలు పీకి పెట్టే ఓపిక నాకైతే లేదు. ఆ 180కి బదులు ఒక మంచి టార్క్ రెంచ్, గాలి గేజి, స్టోరేజీలో టైర్లకు కప్పే ఎండ కవర్లు కొనండి.

ప్రొటెక్షన్ ప్లాన్ 690. సంతకం పెట్టేముందు కాగితం అడిగి, "వర్తించనివి" అన్న పేజీ చదవండి. ఇలాంటివి సాధారణంగా మేకు, గుంత లాంటి వాటికే డబ్బిస్తాయి. అరుగుదల, వయసు, ఎక్కువ బరువు, తక్కువ గాలి అంటే చేతులెత్తేస్తాయి. ట్రైలర్ టైర్లు పేలేది ఎక్కువగా ఆ కారణాలతోనే. ఐదు టైర్లే 900 అయినప్పుడు మూడేళ్ల భయానికి 690 ఎందుకండీ? మీ ట్రైలర్‌కు విడిగా ఇన్సూరెన్స్ ఉందా అన్నది దీనికంటే ముఖ్యం. లాగే కారు పాలసీ మామూలుగా మీ వల్ల ఎదుటివారికి జరిగిన నష్టం వరకే చూస్తుంది, ట్రైలర్ సొట్టకు కాదు. ఏజెంట్‌కు ఒక్క ఫోన్ చేయండి.

ఇక లెక్క. ఐదు టైర్లు 900, బేరింగులు 320, మొత్తం 1,220. మార్చిలో పిల్లల స్ప్రింగ్ బ్రేక్ సెలవుల దాకా ట్రైలర్ కదలదనుకుంటే, నాలుగు నెలలు 305 చొప్పున పక్కన పెడితే ఎమర్జెన్సీ ఫండ్ ముట్టుకోనక్కర్లేదు. ఈ నాలుగు నెలలూ కార్డుకు మీరు కట్టేది మాత్రం తగ్గించకండి. ఆ తర్వాత ట్రైలర్ చక్రాల పేరుతో విడిగా ఒక సేవింగ్స్ ఖాతా తెరిచి నెలకు 45 డాలర్లు ఆటోమేటిక్‌గా పడేలా పెట్టండి. టైర్లు ఐదేళ్లకోసారి అంటే ఏడాదికి 180, బేరింగులు 320, చిల్లర 40. మళ్లీ టైర్లు మార్చే రోజుకు డబ్బు అక్కడ ఉంటుంది. స్ప్రింగ్ బ్రేక్ నుంచి తిరిగొచ్చాక ఆ 305లో ఈ 45 పోగా నెలకు మిగిలే 260ని ఆ కార్డు బాకీ మీద పెట్టండి.

బేరింగ్ సర్వీస్ జనవరిలో చేయించినా సరే, టైర్లు మాత్రం ఫిబ్రవరి ఆఖర్లో కొనండి. ఎక్కించేముందు ఆ నాలుగు అంకెలు మీరే వంగి చూడండి. కొత్తవని చెప్పి ఏడాదిన్నర గోడౌన్‌లో పడున్నవి ఇస్తే, వేరేవి తెమ్మనండి. మార్చిలో బయల్దేరాక మొదటి గ్యాస్ స్టేషన్‌లో దిగి, నాలుగు హబ్బుల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి, అతుక్కునేలా గట్టిగా కాదు, దోశ పెనం వేడి చూసినట్టు. నాలుగూ ఒకేలా గోరువెచ్చగా ఉంటే పిల్లలకు చిప్స్ కొనిచ్చి బయల్దేరండి. ఒక్కటే కాలుతుంటే మాత్రం అక్కడే ఆగి మెకానిక్‌ను పిలవండి.