హాలీవుడ్‌లో జనవరి సినిమాలు ఎందుకంత నాసిరకం?

ఆ ఏడాది ఆస్కార్ పోటీలో నిలవాలంటే సినిమా డిసెంబర్ 31లోపు థియేటర్లో పడాలి. అందుకే మంచి సరుకంతా ఏడాది చివర్లోనే దించేస్తారు. ముందు కొన్ని నగరాల్లోనే పడిన ఆ సినిమాలే జనవరిలో ఊరూరా విస్తరిస్తూ స్క్రీన్లు తినేస్తాయి. క్రిస్మస్ ఖర్చులతో జనం జేబులు ఖాళీ, పైగా మంచు తుఫాన్లు. టెస్ట్ స్క్రీనింగుల్లో (విడుదలకు ముందు కొందరు ప్రేక్షకులకు వేసి చూసే షోల్లో) తేలిపోయిన బొమ్మను అప్పుడు వదులుతారు. మూలన పడేయొచ్చుగా అంటే, చాలాసార్లు థియేటర్ రిలీజ్ ఒప్పందంలోనే ఉంటుంది; టీవీ హక్కుల రేటూ దాన్ని బట్టే. గుర్తుపట్టడం తేలికే: విడుదల తేదీ రెండు మూడుసార్లు మారుతుంది, రివ్యూలు రిలీజ్ రోజు దాకా బయటికి రానివ్వరు. చవకలో తీసిన హారర్ మాత్రం ఇక్కడే పంట పండించుకుంటుంది: 2023 జనవరిలో 'మేగన్' సుమారు 1.2 కోట్ల డాలర్ల బడ్జెట్‌తో 17 కోట్లకు పైగా వసూలు చేసింది. మనకు సంక్రాంతి వల్ల జనవరే పెద్ద సీజన్. ఇలా వదిలించుకునే నాసిరకం సినిమాలు ఇక్కడ ఇంటర్, టెన్త్ పరీక్షల వేళ ఫిబ్రవరి, మార్చిల్లో దిగుతాయి.