మేడమీద రౌటర్, కింద కంప్యూటర్: వై-ఫై కలిపేదెలా, పంచేదెలా?

ప్రశ్న: మేడమీద మా మరిది వాళ్ల వాటాలో ఫైబర్ కనెక్షన్, వై-ఫై రౌటర్ ఉన్నాయి. కింది వాటాలో మా అమ్మాయి పోటీ పరీక్షల చదువుకు పాత డెస్క్‌టాప్ వాడుతోంది. ఫోన్లకు కిందకి కూడా వై-ఫై అందుతోంది కాని, కంప్యూటర్‌లో వై-ఫై గుర్తే కనిపించడం లేదు. మేము వేరే కనెక్షన్ తీసుకోవాలా?
– ఒక గృహిణి, గాజువాక

జవాబు: అక్కరలేదండి. ఫోన్లకు అందుతోందంటే సిగ్నల్ మీ గదిలోకి వస్తున్నట్టే. దాన్ని అందుకునే పరికరం మీ కంప్యూటర్‌లో లేదు, అంతే. దాదాపు అన్ని ల్యాప్‌టాప్‌లలో వై-ఫై కార్డు ఉంటుంది గాని, పాత డెస్క్‌టాప్‌లలో చాలావాటికి తీగ పెట్టుకునే సాకెట్ మాత్రమే ఇచ్చేవారు.

ముందుగా పైసా ఖర్చు లేని మార్గం చూడండి. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌ను ఇంటి వై-ఫైకి కలిపి, దాన్ని యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కు తగిలించి, ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్, టెథరింగ్ అని ఉన్న చోట యూఎస్‌బీ టెథరింగ్‌ను ఆన్ చేస్తే, ఫోన్ అందుకుంటున్న వై-ఫై ఇంటర్నెట్టే కంప్యూటర్‌కు వెళుతుంది. ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. కొన్ని చవక కేబుళ్లలో ఛార్జింగ్ తీగలు తప్ప డేటా తీగలు ఉండవు కనుక, టెథరింగ్ మీట మసకగా ఉండి నొక్కుడు పడకపోతే మొదట కేబుల్ మార్చి చూడండి. రెండోది, టెథరింగ్ సాగుతున్నంతసేపు ఫోన్‌లో మొబైల్ డేటాను ఆపి ఉంచండి. లేకపోతే వై-ఫై తెగిన మరుక్షణం కంప్యూటర్ మీ సిమ్ కార్డు డేటాను వాడడం మొదలుపెడుతుంది, ఒక్క విండోస్ అప్‌డేట్‌తోనే ఆనాటి కోటా అయిపోవచ్చు. ఐఫోన్‌కు ఈ పద్ధతి పనికిరాదు, అది పంచేది సిమ్ కార్డు డేటాను మాత్రమే.

అమ్మాయి రోజూ గంటల తరబడి చదువుకుంటుంది కాబట్టి ఫోన్‌ను అలా కట్టిపడేయడం కుదరదు. అందుకు యూఎస్‌బీ వై-ఫై అడాప్టర్ కొనుక్కోవడం మేలు. అంగడిలో అడిగేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ రెండూ అందుకునే డ్యూయల్ బ్యాండ్ అడాప్టర్ కావాలని చెప్పండి. రౌటర్ మేడమీద ఉంది, మధ్యలో కాంక్రీటు స్లాబు ఉంది. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ వేగం ఎక్కువే అయినా గోడలను, స్లాబులను దాటడంలో బలహీనం, 2.4 గిగాహెర్ట్జ్‌ది వేగం తక్కువైనా అది దూరం వెళుతుంది. రెండిటినీ విడివిడిగా కలిపి చూసి, మీ గదిలో ఏది నిలకడగా ఉంటే దాన్నే ఉంచుకోండి.

అడాప్టర్‌ను సీపీయూ పెట్టె వెనక గుచ్చి, సిగ్నల్ లేదని తిరిగి ఇచ్చేసేవారు చాలామంది ఉన్నారు. ఇనుప పెట్టె వెనక, గోడ మూలన ఉన్న చిన్న అడాప్టర్‌కు పై నుంచి వచ్చే సిగ్నల్ సరిగా అందదు. దానికి తోడు, లోపల నీలిరంగు ఉండే యూఎస్‌బీ 3.0 పోర్టు నుంచి వెలువడే విద్యుత్ రొద 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను చెడగొడుతుంది. ఒక మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొని అడాప్టర్‌ను బల్లమీదికి, వీలైతే కిటికీ పక్కకు తెచ్చి పెట్టండి. దీనివల్ల వచ్చే తేడా ఖరీదైన అడాప్టర్‌తోనైనా రాకపోవచ్చు. కంప్యూటర్‌లో ఇంకా విండోస్ 7 ఉంటే మాత్రం, కొనేముందే అడాప్టర్ డబ్బా మీద ఆ పేరు ఉందేమో చూడండి. 2020 జనవరిలోనే మైక్రోసాఫ్ట్ దానికి భద్రతా అప్‌డేట్లు ఆపేసింది గనుక, పరీక్షల దరఖాస్తులకూ చెల్లింపులకూ ఆ కంప్యూటర్‌ను వాడకపోవడమే క్షేమం.

ప్రశ్న: మా అద్దె గదిలోకి యజమాని ఒకే ఇంటర్నెట్ తీగ లాగించారు. దాన్ని నా ల్యాప్‌టాప్‌కు పెట్టి మొబైల్ హాట్‌స్పాట్ ఆన్ చేస్తే నా మిత్రుల ఫోన్లు కలుస్తున్నాయి గాని, ఇంటర్నెట్ లేదని చూపిస్తున్నాయి. పైగా కాసేపటికి హాట్‌స్పాట్ దానంతటదే ఆగిపోతోంది.
– ఒక విద్యార్థి, చినవాల్తేరు

జవాబు: హాట్‌స్పాట్ ఆన్ చేసినప్పుడు మీ ల్యాప్‌టాప్ ఒక చిన్న రౌటర్‌గా మారుతుంది. తీగ వైపు నుంచి ఇంటర్నెట్ అందుకుని, వై-ఫై వైపున ఉన్న ఒక్కో ఫోన్‌కు తానే ఒక చిరునామా కేటాయించి, అందరి కోరికలనూ తన పేరుతోనే బయటికి పంపి, వచ్చిన జవాబులను ఎవరివి వారికి చేరుస్తుంది. కాబట్టి లోపం ఎక్కడుందో చిరునామాను బట్టే కనిపెట్టవచ్చు. ఫోన్‌లో ఆ వై-ఫై వివరాలు తెరచి ఐపీ అడ్రస్ చూడండి. అది 192.168.137 అంకెలతో మొదలైతే ల్యాప్‌టాప్ చిరునామా ఇచ్చే పని సరిగానే చేసింది, అడ్డంకి ఇంటర్నెట్‌ను పంచే దగ్గర ఉందన్నమాట. 169.254 అంకెలతో మొదలైనా, అసలు చిరునామాయే రాకపోయినా, ల్యాప్‌టాప్ ఫోన్‌కు చిరునామా ఇవ్వలేకపోయింది. హాట్‌స్పాట్‌ను ఆపి, ల్యాప్‌టాప్‌ను రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి.

మీ ఫోన్లు కలుస్తున్నాయని రాశారు కనుక మొదటిదే అయ్యే అవకాశం ఎక్కువ. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ తెరచి, మొబైల్ హాట్‌స్పాట్‌లోకి వెళితే, ఏ కనెక్షన్‌ను పంచాలో అడిగే గడి ఉంటుంది. అక్కడ ఈథర్‌నెట్, అంటే తీగ కనెక్షన్, ఎంచుకోండి. అది వై-ఫై అని ఉంటే, లేని ఇంటర్నెట్‌ను ల్యాప్‌టాప్ పంచుతున్నట్టు. అది సరిగానే ఉంటే ల్యాప్‌టాప్‌లోని వీపీఎన్‌ను (ఇంటర్నెట్‌ను వేరే సర్వర్ గుండా మళ్లించే యాప్), విడిగా వేసుకున్న యాంటీవైరస్ ఫైర్‌వాల్‌ను (రాకపోకలను అడ్డగించే కాపలా ప్రోగ్రామ్) కాసేపు ఆపి చూడండి. చాలా సందర్భాలలో అడ్డుపడేది ఈ రెండిటిలో ఒకటే. అదే కారణమని తేలితే ఫైర్‌వాల్‌ను అలాగే వదిలేయకుండా, అందులో హాట్‌స్పాట్‌కు అనుమతి ఇచ్చి తిరిగి ఆన్ చేయండి.

దానంతటదే ఆగిపోవడం లోపం కాదు. ఫోన్లేవీ కలిసి లేనప్పుడు హాట్‌స్పాట్ ఆగిపోయేలా అదే పేజీలో పవర్ సేవింగ్ అనే మీట ఉంటుంది, దాన్ని ఆపండి. ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి వెళ్లినా అందరికీ ఇంటర్నెట్ పోతుంది. ఎవరి ఫోన్‌కైనా హాట్‌స్పాట్ పేరే కనిపించకపోతే బ్యాండ్‌ను 2.4 గిగాహెర్ట్జ్‌కు మార్చండి, కొన్ని పాత ఫోన్లు 5 గిగాహెర్ట్జ్‌ను గుర్తించవు.

విండోస్ హాట్‌స్పాట్‌కు ఎనిమిది పరికరాల వరకు కలుస్తాయి. అయినా నా సలహా వేరు. మీరు గది విడిచి క్లాసుకు వెళితే మిత్రులకు ఇంటర్నెట్ ఉండదు, ల్యాప్‌టాప్ రోజంతా వేడెక్కుతూ ఉంటుంది. యజమానితో ఒక మాట చెప్పి, అందరూ కలిసి ఒక మామూలు రౌటర్ కొని ఆ తీగను దానికే పెట్టండి. పంచే పని పంచడానికే తయారైన పరికరానికి అప్పగించాలి. ల్యాప్‌టాప్ హాట్‌స్పాట్ ఒక పూట అవసరానికి బాగుంటుంది.

ప్రశ్న: రెండు పోర్షన్లు అద్దెకు ఇచ్చాం. మా కనెక్షన్‌నే వారికీ ఇవ్వవచ్చా? పాస్‌వర్డ్ చెప్పడానికి సందేహిస్తున్నాను.
– విశ్రాంత ఉద్యోగి, ఎం.వి.పి. కాలనీ

జవాబు: మీ సందేహం సబబైనదే. కనెక్షన్ మీ పేరున ఉంది, దాని మీద జరిగే ప్రతి పనికీ విచారణ ముందు మీ దగ్గరికే వస్తుంది. ఇంటి కనెక్షన్‌ను డబ్బు తీసుకుని ఇతరులకు అమ్మడాన్ని కంపెనీల షరతులు సాధారణంగా ఒప్పుకోవు కనుక, మీ కంపెనీ షరతులు ఒకసారి చదవండి. దుకాణాల వారు జనానికి వై-ఫై ఇచ్చేందుకు 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం-వాణి పథకం ఉంది. అందులో పబ్లిక్ డేటా ఆఫీసుకు, అంటే అలా వై-ఫై ఇచ్చే దుకాణానికి, లైసెన్సు అక్కరలేదు. అద్దె ఇంటికి మాత్రం ఎవరి కనెక్షన్ వారు తీసుకోవడమే నాకు నచ్చిన పద్ధతి.

కొన్నాళ్లపాటు ఇవ్వక తప్పకపోతే అసలు పాస్‌వర్డ్ చెప్పకండి. రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ ఆన్ చేసి, దానికి వేరే పాస్‌వర్డ్ పెట్టి అది ఇవ్వండి. అలా కలిసినవారికి ఇంటర్నెట్ అందుతుంది గాని మీ కంప్యూటర్, ప్రింటర్ కనిపించవు. రౌటర్ సెట్టింగ్స్‌లో వై-ఫై భద్రతా పద్ధతి డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 అని ఉండాలి. డబ్ల్యూఈపీ అని ఉంటే ఆ రౌటర్‌ను మార్చేయండి, దాన్ని ఛేదించడం నిమిషాల పని. పాస్‌వర్డ్ టైపు చేయకుండానే పరికరాలను కలిపే డబ్ల్యూపీఎస్ సదుపాయాన్ని ఆపేయండి.

అవతలి పోర్షన్‌కు సిగ్నల్ అందక తీగ లాగాల్సి వస్తే, ఈథర్‌నెట్ కేబుల్ 100 మీటర్ల వరకు పనిచేస్తుంది. మీ ఇల్లు సముద్రానికి దగ్గర. డాబా మీదుగా లాగే కేబుల్ ఎండకు తట్టుకునే అవుట్‌డోర్ రకం కావాలి, కొసల జాక్‌లు ఇంటి లోపలే ఉండాలి. ఉప్పుగాలి తగిలిన జాక్‌ల లోహం తుప్పు పట్టి, పైకి అంతా బాగున్నట్టే కనిపిస్తూ కనెక్షన్ తెగుతూ కలుస్తూ ఉంటుంది. ఉరుములు, మెరుపులు మొదలవగానే బయటినుంచి వచ్చే ఆ కేబుల్‌ను రౌటర్ నుంచి తీసి పక్కన పెట్టండి.