రెండో గేరు గరగరమంటోందా?

ప్రశ్న: మా పాత వ్యాను పొద్దున్నే తీసినప్పుడు రెండో గేరు గరగరమంటోంది. పది నిమిషాలు నడిచాక శబ్దం తగ్గుతోంది. మిగతా గేర్లు బాగానే పడుతున్నాయి. గేర్ బాక్సు దించాల్సిందేనంటున్నారు. ఇంట్లో నేనే చేసుకోవచ్చా?

జవాబు: చేసుకోవచ్చు. కానీ దించడం ఆఖరి పని. ముందు తప్పు క్లచ్‌దో కాదో తేల్చుకోండి. ఇంజను నడుస్తుండగా క్లచ్ పూర్తిగా తొక్కి, అయిదారు సెకన్లు ఆగి రివర్సు వేయండి. చాలా పాత బళ్లలో రివర్సుకు సింక్రోనైజర్ (గేరు శబ్దం లేకుండా పడేలా వేగాలను కలిపే భాగం) ఉండదు. అంతసేపు ఆగినా గరగరమంటే క్లచ్ సరిగ్గా విడవడం లేదు. మెత్తగా పడితే అనుమానం రెండో గేరు సింక్రో రింగు (సింక్రోనైజర్‌లోని ఇత్తడి రింగు) మీదికి, లేదా గేర్ బాక్సు ఆయిల్ మీదికి వెళ్తుంది.

నేను ఆయిల్‌తోనే మొదలుపెడతాను. ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టు ముట్టుకోకముందే పైనున్న, ఆయిల్ నింపే ఫిల్లర్ బోల్టు ఊడుతుందో లేదో చూడండి. కొత్తలో నేను ఆయిలంతా దించేశాక ఆ బోల్టు తుప్పుతో బిగుసుకుపోయిందని తెలిసింది. బండి కదలలేదు, నింపే దారి లేదు. ఆ దిగులు మీకు వద్దు.

దించిన ఆయిల్‌ను వెలుతురులో చూడండి. డ్రెయిన్ బోల్టుకున్న అయస్కాంతానికి సన్నని బూడిదరంగు ముద్ద అంటుకుంటే అది మామూలు అరుగుదలే. ఆయిల్‌లో పసుపు తళుకులు ఎక్కువగా ఉంటే ఇత్తడి రింగులు అరుగుతున్నాయి. ఉక్కు ముక్కలు కనిపిస్తే ఇక బండి నడపకండి, గేర్ బాక్సు విప్పాల్సిందే. కొత్త ఆయిల్ బండి పుస్తకంలో రాసిన రకమే పోయండి. గేర్ ఆయిల్ రకం జీఎల్-4 అని ఉన్నచోట జీఎల్-5 వద్దు. దానిలోని గంధకపు రసాయనాలు కొన్ని ఇత్తడికి పడవు. చిక్కటి ఆయిల్ చలిలో గేరును మొరాయింపజేస్తుంది, మీ పొద్దుటి శబ్దానికి అదే కారణం కావచ్చు.

ఆయిల్ మార్చినా తగ్గకపోతే అప్పుడు గేర్ బాక్సు దించండి. బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, బండిని గట్టి స్టాండ్ల మీద నిలపండి. జాకీని నమ్మి కిందికి దూరవద్దు, ఈ ఒక్క మాట తప్పకుండా వినండి. గేర్ బాక్సు బరువు ఒక్క క్షణమైనా ఇన్‌పుట్ షాఫ్టు (క్లచ్ ప్లేటులోకి దూరే గేర్ బాక్సు కడ్డీ) మీద వేలాడకూడదు, క్లచ్ ప్లేటు వంగిపోతుంది. రెండో మనిషి తప్పనిసరి. ఎలాగూ దించారు కాబట్టి రిలీజ్ బేరింగు (తొక్కినప్పుడు క్లచ్‌ను విడిపించే బేరింగు) కూడా మార్చేయండి.

గేర్ బాక్సు లోపలి షాఫ్టు నుంచి బేరింగులు ఊడదీయడానికి మాత్రం సుత్తి వాడకండి. ఆ షాఫ్టును ప్రెస్సు (బేరింగును ఒత్తి ఊడదీసే యంత్రం) ఉన్న వర్క్‌షాపుకు తీసుకెళ్లండి.