ఆట మధ్యలో అన్నానికి పిలిస్తే

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. బడి నుంచి రాగానే నా ఫోన్ తీసుకుని బీజీఎంఐ అనే తుపాకుల ఆట ఆడతాడు. అన్నానికి పిలిస్తే ‘ఒక్క నిమిషం’ అంటాడు, అరగంటైనా లేవడు. పోయిన వారం వాళ్ల నాన్న ఫోన్ లాక్కుంటే కోపంతో చేయి గోడకేసి కొట్టుకున్నాడు. ఆడితే బుర్ర చురుకవుతుందని వాడంటాడు, చదువు పోతుందని ఈయన. పూర్తిగా మాన్పించమంటారా?
ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మాన్పించొద్దమ్మా. ముందు ఒకరోజు వాడి పక్కన కూర్చోండి. నేనూ మా మనవడి మీద వంటింట్లోంచి కేకలేసినదాన్నే. పోయిన వేసవిలో వాడి పక్కన కూర్చుని నాలుగు మ్యాచులు చూశాకే నాకు సంగతి అర్థమైంది.

100 మంది దాకా విమానంలోంచి ఒక దీవి మీదకు దూకుతారు. నిలబడగలిగే వలయం అంతకంతకూ చిన్నదవుతుంది. చివరిదాకా మిగిలితే సుమారు అరగంట పడుతుంది. మధ్యలో కాసేపు ఆపి మళ్లీ అందుకునే వీలు లేదు. నలుగురి జట్టులో ఒకడు లేస్తే మిగతా ముగ్గురూ దెబ్బతింటారు. అందుకే నిమిషాల లెక్క మాని మ్యాచుల లెక్క పెట్టండి. ‘ఎనిమిదింటికి అన్నం, ఏడున్నర దాటాక కొత్త మ్యాచ్ వద్దు.’ మా ఇంట్లో గొడవ తగ్గింది ఈ ఒక్క మాటతోనే.

మా వాడి జట్టులో ఇద్దరు వేరే ఊళ్లకు వెళ్లిపోయిన పాత స్నేహితులు. ఎవరు ఎటు కాయాలో వాడు చెబుతుంటే, ఇంట్లో నోరు విప్పనివాడు వీడేనా అనిపించింది. ఆ లాభం నిజం. కానీ ఆ చురుకు లెక్కల పుస్తకంలోకి వస్తుందంటే మాత్రం, 30 ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని, నేను నమ్మను.

నాకు టెన్షన్ పెట్టేవి వేరే ఉన్నాయి. ఆడేది మీ ఫోన్‌లో కదా, మీ యూపీఐ పిన్ వాడికి తెలుసా? ఆటలో, లోపల ఏముందో తెలియని పెట్టెలను పిల్లలు డబ్బు పెట్టి తెరుస్తారు, అనుకున్నది రాకపోతే ఇంకొకటి. స్నేహితులు లేనప్పుడు ఆటే ముక్కూమొహం తెలియనివాళ్లను జట్టులో కలుపుతుంది. అప్పుడు మైక్ ఆపేయాలి. ఈ ఆటలో 18 ఏళ్లలోపు వాళ్లకు రోజుకు 3 గంటల పరిమితి ఉంది, కానీ వయసు ఎక్కువ వేసుకుంటే అది అక్కరకు రాదు. మీవాడు ఎంత వేశాడో అడగండి. నా లెక్కలో 3 గంటలూ ఎక్కువే, బడి ఉన్న రోజు రెండు మ్యాచులు చాలు.

గోడ సంగతి చదివి మనసు చివుక్కుమంది. ఒక్కసారి కోపానికి జబ్బు పేరు పెట్టకండి. ఆట మీద అదుపు లేకపోవడం, మిగతావన్నీ దాని తర్వాతే కావడం, నష్టం కనిపిస్తున్నా మానలేకపోవడం, ఇవి మామూలుగా ఏడాదిపాటు ఉంటేనే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని జబ్బుగా లెక్కిస్తుంది. అయితే వాడు నిద్ర మానినా, బడి ఎగ్గొట్టినా, మళ్లీ చేయి కొట్టుకున్నా ఏడాది చూడకండి. మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు.

ఈ ఆదివారం ఒక మ్యాచ్ ఆయన్నీ వాడి పక్కన కూర్చోమనండి. ఫోన్ మాత్రం వాడి చేతిలోనే ఉండనివ్వండి.