రేగడి చేలో నీటికి దారి

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి, నీ మామ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరమూ క్షేమం.

మైదుకూరు దగ్గర మీ మామగారి నాలుగెకరాలు ఇకమీదట నువ్వే చూసుకోబోతున్నావనీ, వచ్చే జూన్‌లో పసుపు పెట్టాలనుకుంటున్నావనీ అక్క చెప్పింది. నువ్వు పంపిన ఫోటోలు కూడా చూశాను. కాలువ కట్ట పక్కన పేరుకున్న తెల్లటి పొర, దిగువ మూలలో దట్టంగా లేచిన తుంగ, మిట్ట భాగంలో అరచెయ్యి దూరేటంత నెర్రెలు, ఈ మూడూ ఒకే చేలో కనబడ్డాయంటే ఆ నేలకు బలం లేదని కాదు, లోపలికి వెళ్లిన నీటికి బయటికి పోయే దారి లేదని అర్థం. ఫోనులో చెబితే సగం గాలికి పోతుందని ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు అనంతపురం ఎర్రనేలల్లో, వేరుశనగ చేల మధ్య పెరిగినదానివి. అక్కడ పడిన చినుకు పడినట్టే ఇంకిపోతుంది గనుక, గెనిమలు వేసి నీళ్లను నిలబెట్టుకోవడమే సేద్యంలో మొదటి పాఠం. రేగడికి వచ్చేసరికి ఆ పాఠాన్ని తలకిందులు చేసుకోవాలి. కడప జిల్లాలో ఏడాది మొత్తానికి కురిసేదే సుమారు 700 మిల్లీమీటర్లు, దానికి మురుగు కాలువలు కూడానా అని నీకు అనిపించవచ్చు. అయితే ఆ వాన పన్నెండు నెలలకూ సమంగా పంచుకుని పడదు. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పట్టిందంటే నాలుగు రోజుల్లోనే చేను నిండుతుంది, ఆపైన మీది కె.సి. కెనాల్ (కర్నూలు-కడప కాలువ) ఆయకట్టు కావడం వల్ల ఎగువ వరి మళ్ల నుంచీ, కాలువ గట్టు నుంచీ ఊట దిగుతూనే ఉంటుంది.

ఈ మట్టి గుణం కొంచెం వివరంగా తెలుసుకో. రేగడిలో సగానికి అటూ ఇటూగా బంకమన్నే ఉంటుంది, అంటే 0.002 మిల్లీమీటరు కంటే సన్నని రేణువులు. అందులోనూ మన నల్లరేగడిలో ఎక్కువగా ఉండేది మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజం. దాని పొరల మధ్యకు నీరు చేరితే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. ఎండాకాలం మూరెడు, రెండు మూరల లోతున నెర్రెలు విచ్చుకోవడానికి కారణం ఇదే. మొదటి వాన ఆ నెర్రెల గుండా గబగబా అడుగుకు దిగిపోతుంది కాబట్టి నేల బాగా తాగుతున్నట్టే కనబడుతుంది, కానీ మట్టి ఉబ్బి నెర్రెలు మూసుకున్నాక నీరు దిగడం దాదాపు ఆగిపోతుంది. అక్కడి నుంచి ప్రతి చినుకూ మట్టి రంధ్రాల్లోని గాలిని తోసేసి తానే కూర్చుంటుంది. శనగ పైరు ఒక్క వాన కూడా లేకుండా కేవలం నేలలో మిగిలిన పదునుతో, అంటే తడితో, పండేది ఈ మట్టి నీటిని పట్టి ఉంచబట్టే, పసుపు దుంప కుళ్లేదీ అందుకే.

మాటల మీద నమ్మకం పెట్టుకోకుండా ముందు ఒక గుంత తవ్వించు. మిట్టన ఒకటి, దిగువ మూలన ఒకటి, కాలువ పక్కన ఒకటి తవ్విస్తే ఇంకా మంచిది, లోతు మూడడుగులు చాలు. గుంత గోడను పారతో నున్నగా చెక్కి, వెలుతురు పడేవైపు నిలబడి చూడు. పైనుంచి కిందిదాకా ఒకే నలుపు ఉంటే భయం లేదు. బూడిద రంగు మట్టిలో తుప్పు మరకల్లాంటి ఎర్ర చుక్కలు కనబడితే, ఆ లోతు వరకు ఏటా కొన్ని వారాలు నీరు నిలుస్తోందని గుర్తు, ఎందుకంటే గాలి అందనప్పుడు మట్టిలోని ఇనుము కరిగి కదిలి, మళ్లీ గాలి తగిలిన చోట తుప్పై పేరుకుంటుంది. ఆ చుక్కలు ఎంత పైన మొదలైతే నీ కష్టం అంత ఎక్కువ. ఆరేడు అంగుళాల దగ్గర పలకలా అడ్డంగా విరిగే గట్టి పొర తగిలి, వేళ్లు అక్కడ పక్కకు తిరిగి ఉంటే, అది ఏళ్ల తరబడి తడి మీద ట్రాక్టరు తిప్పడం వల్ల ఏర్పడిన పొర. తరువాత గుంతను నీళ్లతో నింపి, ఇంకాక మర్నాడు మళ్లీ నింపు. రెండోసారి నింపిన నీరు తెల్లవారినా చాలావరకు అలాగే ఉంటే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు.

తెల్లటి పొర సంగతి వేరు. అది తెల్ల చౌడు (ఉప్పు పేరుకున్న నేల) కావచ్చు, కారు చౌడు (సోడియం పట్టిన నేల) కావచ్చు, రెండింటికీ వైద్యం ఒకటి కాదు. ఇంట్లోనే తెలుసుకునే ఉపాయం ఒకటుంది. బాగా ఎండిన శనగగింజంత మట్టిపెళ్లను గాజు గ్లాసులోని వాన నీటిలో మెల్లగా వదిలి, కదపకుండా మర్నాటి దాకా ఉంచు. వాన నీరు లేకపోతే బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ వాడు, బోరు నీళ్లు మాత్రం పనికిరావు. పెళ్ల చిట్లి అడుగున పొడిగా పడి, పైనీరు తేటగా ఉంటే సోడియం పీడ లేనట్టే. పెళ్ల చుట్టూ పాలు కలిపినట్టు మసక కమ్మి, మర్నాటికీ తేరుకోకపోతే కారు చౌడు మొదలైందని అనుమానించి, మట్టి పరీక్షకు పంపు. ఉదజని సూచిక (పి.హెచ్.) 8.5 దాటి, మట్టి రేణువులు పట్టుకున్న లవణ ధాతువుల్లో సోడియం వాటా 15 శాతం పైబడితే జిప్సం అవసరం, ఎంత వెయ్యాలో పరీక్ష ఫలితమే చెబుతుంది. అయితే జిప్సంలోని కాల్షియం సోడియాన్ని మట్టి నుంచి తప్పించగలదే గాని చేను దాటించలేదు, దాటించవలసింది నీరు. మురుగు కాలువ లేని చేలో జిప్సం బస్తాలు పోయడం డబ్బు పారబోసుకోవడమే.

కాబట్టి ఏ వైద్యానికైనా ముందు మట్టం చూడు. తాపీమేస్త్రీల దగ్గరుండే లెవెల్ పైపు ఒకటి తెప్పించి, చేను దిగువ మూలకూ, నీళ్లు వదలాలనుకుంటున్న వంక అడుగుకూ ఎంత తేడా ఉందో కొలిపించు. వంక అడుగు నీ చేని కంటే కనీసం మూడు నాలుగడుగులు కిందికి లేకపోతే, నువ్వెంత లోతు కాలువ తీసినా అందులో నీళ్లు నిలబడతాయే తప్ప పారవు. తేడా సరిపోతే రెండు మురుగు కాలువలు తియ్యాలి. మొదటిది కాలువ గట్టుకు సమాంతరంగా, ఊట చేలోకి రాకముందే పట్టుకునేటట్టు మూడడుగుల లోతున ఉండాలి. రెండోది దిగువ అంచున వానమురుగు కోసం, అది లోతు తక్కువైనా ఫరవాలేదు. గోడలు నిటారుగా చెక్కిస్తే మొదటి వానకే విరిగి పడతాయి, వాలుగా తీయించు. పక్కచేను వాళ్లతో ముందే కూర్చుని మాట్లాడుకో. నీ నీళ్లు వాళ్ల మడిలోకి పోతే వచ్చే తగాదా పంట నష్టం కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

రెండవది పదును. ఈ మట్టి తడిగా ఉంటే జిగట, ఎండితే రాయి, మధ్యలో దున్నడానికి అనువైన రోజులు కొద్దే. నాలుగు అంగుళాల లోతు నుంచి పిడికెడు మట్టి తీసి అరచేతుల మధ్య తాడులా చుట్టు. పెన్సిలు కంటే సన్నగా అయినా తెగకుండా సాగితే ట్రాక్టరును గెనిమ మీదే ఆపు, పొడిపొడిగా విరిగితే దింపు. డ్రైవరు తన తొందర తనది గనుక ఈపాటికి తోలేయొచ్చమ్మా అంటాడు, వినవద్దు. రోటవేటరు మీద నాకు మొదటి నుంచీ మంచి అభిప్రాయం లేదు. పైన నాలుగంగుళాలు పిండిలా చేసి, కింద గచ్చు చేసిపెడుతుంది. గట్టిపొర తగిలిన చోట ఎండాకాలంలో, నేల బాగా ఆరి ఉన్నప్పుడు, ఉలి నాగలితో ఒకసారి చీల్పించు. తడి మీద చేస్తే చీలదు, గీత పడుతుందంతే.

ఇసుక తోలిస్తే మట్టి గుల్లబారుతుందని ఎవరో ఒకరు చెబుతారు. ఎకరాకు పది ట్రాక్టర్లు తోలినా ఇంత బంకమట్టిలో అది లెక్కలోకి రాదు. చెరువు పూడిక మట్టి ఎర్రనేలకు అమృతం, దీనికి అనవసరం. దీన్ని గుల్లచేసేవి పశువుల ఎరువు, పంట మోళ్లు, పచ్చిరొట్ట. మొదటి ఏడాది జీలుగ చల్లు, చౌడునూ నీటి నిల్వనూ రెండింటినీ ఓర్చుకునే పైరు అది. పూతకు వచ్చే ముందు, అంటే నలభై అయిదు రోజులకు అటూ ఇటూగా, కలియదున్నించు.

పైరు పచ్చదనం తగ్గగానే యూరియా బస్తా విప్పవద్దు. నీరు నిలిచిన రేగడిలో నత్రజని గాలిలో కలిసిపోతుంది, వేళ్లకు ఊపిరాడక ఉన్నదాన్ని కూడా తీసుకోలేవు. మరింత వేస్తే అదీ అదే దారి పడుతుంది. ముందు నీళ్లు దించు, తరువాత ఎరువు. ముదురాకులు బాగుండి, లేత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి పసుపుబారితే అది ఇనుము లోపం. సున్నం ఎక్కువున్న తడి నేలల్లో ఇది మామూలే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి పిచికారీ చేస్తే సరిపోతుంది.

ఇక పసుపు. మైదుకూరు పసుపు తొమ్మిది నెలలు నేలలోనే ఉండే పంట. అంటే అక్టోబరు వానలన్నీ దుంప ఊరే సమయంలోనే పడతాయి. ఈ ఏడాది నాలుగెకరాల్లోనూ వద్దనే నా గట్టి మాట. పెట్టి తీరాలనుకుంటే మిట్టన అర ఎకరంలో, అడుగు ఎత్తు మళ్ల మీద పెట్టు. మిగతా మెరకలో జీలుగ కలియదున్నాక శనగకు ఎత్తు మళ్లు చేయించు. మీటరు వెడల్పు మడి, దాని పక్కన అర మీటరు కాలువ, నూరు మీటర్లకు నలభై నుంచి ఎనభై సెంటీమీటర్ల వాలు ఉండాలి. నల్లరేగళ్ల కోసం పటాన్‌చెరులోని ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) వాళ్లు రూపొందించిన పద్ధతి ఇది, ట్రాక్టరుతోనే చేయించుకోవచ్చు. తుంగ లేచిన దిగువ మూల మాత్రం ప్రస్తుతానికి వరికే వదిలెయ్యి, దానితో పోట్లాడవద్దు.

కాలువకు నీళ్లు ఆపేశాక గుంతలు తవ్వించి, గోడల ఫోటోలు పక్కన టేపు పెట్టి తీసి పంపు. లెవెల్ పైపు కొలతలు కూడా రాసి ఉంచు. అవి చేతికొచ్చాక నేనే బయలుదేరి వస్తాను, కాలువ ఎటు తియ్యాలో చేలో నిలబడి గీత గీసుకుందాం.

ఇట్లు,
నీ మామ