బురదలో దిగే ముందు

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం.

పావనీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "అప్పా, నీ మేనకోడలు ఉద్యోగం మానేసిందంట. భీమిలిలో బురద తవ్వుతాదంట. నువ్వైనా చెప్పు" అన్నాడు. చెప్తానన్నాను. ఫోన్ పెట్టేశాక కాసేపు నవ్వొచ్చింది, ఆ తర్వాత తెల్లార్లూ నిద్ర రాలేదు. వాడు చెప్పమన్నది ఒకటి, నేను రాస్తున్నది ఇంకొకటి. ఈ ఉత్తరం వాడికి చూపించకు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్లాన్ రెండుసార్లు చదివాను. గోస్తని సముద్రంలో కలిసే దగ్గర వదిలేసిన రొయ్యల చెరువుల్లో మళ్ళీ మడ అడవి పెంచుతావు. మా ఇంట్లో ఇలాంటి ఆలోచన చేసే పిల్ల పుట్టిందని పొద్దున్న పాలబ్బాయికి కూడా చెప్పాను. కానీ మొదటి పేజీలోనే "తొలి ఏడాది పదివేల మొక్కలు" అని రాశావు చూడు, అక్కడ నా గుండె గతుక్కుమంది.

చెరువు ఎవరి పేరున ఉందో కాగితం మీద తేల్చుకో. మడ ఉన్న చోటు సీఆర్‌జెడ్ (సముద్ర తీరంలో ఏం చెయ్యొచ్చో ఏం చెయ్యకూడదో చెప్పే నిబంధనలు) కిందకి వస్తుంది. అటవీ శాఖ వాళ్ళని కూడా ముందే కలువు. టెటనస్ ఇంజెక్షన్ చేయించుకో. ఇవి నీకు తెలియనివి కావు.

ఇప్పుడు నా పదివేల సంగతి చెప్తాను. నావి రెండువేలే.

1993 దసరా సెలవులు. కాలేజీలో నేను బోటనీ చెప్పేదాన్ని, ఎన్ఎస్ఎస్ కూడా నా నెత్తినే ఉండేది. క్యాంపుకి మడ మొక్కలు నాటిద్దామని సరదా పుట్టింది. ఉప్పు పొన్న కాయలు తెప్పించాం, గోనె సంచుల్లో, లారీ మీద. చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, మునక్కాయల్లా వేలాడే కాయలవి. బురదలో గుచ్చితే చాలు, నాటినట్టే. అంత సుఖం ఇంకే మొక్కకీ లేదు. నన్ను ముంచింది ఆ సుఖమే.

ఎక్కడ గుచ్చాలి? గట్టు మీదికి పోతే ఎవరిదో ఒకరి భూమి, తగాదాలు. పాటు తీసినప్పుడు బయటపడే బురద మైదానం మాత్రం ఎవరిదీ కాదు, బస్సు దిగితే పది అడుగులు. ఖాళీగా కనబడింది, సరే అనుకున్నాను. అక్కడ ఒక పెద్దావిడ నడుం వంచి గుల్లలు ఏరుకుంటోంది. మా హడావిడి చూసి, "ఇక్కడ మొలిసీదైతే మా తాతల్నాడే మొలిసీది కదమ్మా" అంది. నేను ఎం.ఎస్సీ. చదివినదాన్ని కదా! నవ్వి, ఆవిడకో బిస్కెట్ పేకెట్ ఇచ్చాను. ఆ బిస్కెట్ పేకెట్ తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముఖం దాచుకోవాలనిపిస్తుంది.

మన విశాఖలో పెద్ద పోటుకీ పాటుకీ తేడా ఒకటిన్నర మీటరు అటూ ఇటూ. ఆ కాస్త ఎత్తులోనే మడకి పైభాగం కావాలి. రోజులో ఎక్కువసేపు వేర్లు గాలి పీల్చుకోవాలి. జానెడు కిందికి దిగితే మొక్క ఎక్కువసేపు నీళ్ళలోనే. మేం గుచ్చింది మూరెడు కింద. అట్లతద్ది నాటికి కాయలు పచ్చగానే ఉన్నాయి, నేను అందరికీ గొప్పలు చెప్పుకున్నాను. సంక్రాంతికి వెళ్ళి చూస్తే రెండువేల పుల్లలు, పుల్ల నిండా గుల్ల పట్టి, కత్తుల్లా నిలబడి ఉన్నాయి. కొన్ని అలలకి కొట్టుకుపోయాయి. మిగిలిన వాటికి వలలు తగులుకుని చిరిగాయని తిట్లు. గుల్లలేరే ఆడవాళ్ళ కాళ్ళు తెగాయి. మొక్కా లేదు, వాళ్ళ బతుకుతెరువూ పాడుచేశాను.

ఇంకా సిగ్గు పడాల్సింది ఉంది. నేను రాసిన రిపోర్టులో "నాటిన మొక్కలు: 2,000" అని ఉంది. అందులో అబద్ధం లేదు. బతికినవెన్ని అని ఎవరూ అడగలేదు, నేనూ రాయలేదు. ఆ రిపోర్టుకి సర్టిఫికెట్ కూడా వచ్చింది. మీ నాన్న అది ఫ్రేము కట్టించాడు. ఇప్పుడది బీరువా వెనక గోడకి తిరిగి ఉంది.

కాబట్టి తల్లీ, పదివేల మాట ముందు కొట్టెయ్. నీ చెరువులో మడ తనంతట తానే ఎందుకు రావడం లేదు, అది చూడు. చుట్టుపక్కల తల్లిచెట్లు ఉంటే విత్తనం పోటు మీద తేలుతూనే వస్తుంది. గట్టు అడ్డం. లోపల నిలిచిన నీళ్ళు ఎండకి ఇగిరి ఉప్పు పేరుకుపోతుంది, ఆ ఉప్పులో మడ కూడా బతకదు. కోరింగ వైపూ కృష్ణా ముఖద్వారం దగ్గరా పాడైన మడల్లోకి చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వి పోటు నీళ్ళు లోపలికి పంపించారు. నీళ్ళు ఆడడం మొదలయ్యాక అడవి తేరుకుంది. నువ్వు పాత ఉపగ్రహ ఫోటోలు తీసి, చెరువు తవ్వక ముందు ఉప్పుటేరు పాయ ఎక్కడ పారేదో పట్టుకో. గట్టు అక్కడే తెగ్గొట్టు. ఒక ఏడాది ఊరుకుని చూడు. రాని చోట మాత్రమే నాటు. డబ్బులిచ్చేవాళ్ళకి ఫోటోలు కావాలంటారు, తెలుసు. కాలువ ఫోటో పంపించు.

మూడో పేజీలో ఎర్రమట్టి దిబ్బల మీద "పచ్చదనం" అని రాశావు. ఆ పేజీ చింపెయ్. సముద్రం వెనక్కి పోయిన కాలంలో బయటపడ్డ ఇసుకని గాలి వేల ఏళ్ళు మోసుకొచ్చి పోసిన దిబ్బలవి, ఇనుముతో ఎర్రబడ్డాయి. వాన కోసిన ఆ గెడ్డలు జబ్బు అనుకుని మందు వెయ్యకు. తీరం మీద రావణాసురుడి మీసాలని పిలిచే ఆ ముళ్ళ గడ్డి ఉంటుంది చూడు, అదీ పీకించకు. ఇసుకని పట్టి ఉంచేది అదే. కొండ మీద మొక్కలంటావా, 2014లో హుద్‌హుద్ తుఫాను రోజు మా వీధి తురాయి చెట్లన్నీ పడుకున్నాయి, చివర తాటిచెట్టు నిలబడింది. అంతకంటే నేను చెప్పేది లేదు.

ఇక అసలు టెన్షన్.

1993లో ఆ క్యాంపుకి మీ నాన్న కూడా వచ్చాడు, సంచులు మోయడానికి. ఈ సంగతి నీకు చెప్పి ఉండడు. మూడో రోజు సాయంత్రం ఒక్కడే ముందుకెళ్ళి తొడల దాకా కూరుకుపోయాడు. కాలు లాగినకొద్దీ ఇంకా దిగింది. అటు పోటు మొదలైంది. నేను ఒడ్డున నిలబడి అరవడం తప్ప ఏమీ చెయ్యలేకపోయాను. ఆ గుల్లలేరే పెద్దావిడే బల్లచెక్క తెచ్చి, "వెనక్కి వాలు బాబూ, పడుకో, లాక్కోకు" అంటూ ఆ చెక్క మీంచి పాకి వాణ్ణి బయటికి తీసింది. అప్పటికి నీళ్ళు నడుం దాటాయి. వాడు నిన్ను వద్దనేది ఉద్యోగం పోయిందని అనుకుంటున్నావా?

ఒక్కదానివీ దిగకు. అమావాస్యకీ పున్నానికీ పోటు పెద్దది, ఆ రోజుల్లో టైము చూడకుండా అసలు దిగకు. గమ్ బూట్లు బురద లాగేసుకుంటుంది, లేసులు బిగించే పాత కేన్వాస్ బూట్లు వేసుకో. చెక్క ఒకటి ఎప్పుడూ దగ్గరుంచుకో. దిగేటప్పుడు మెసేజ్ పెట్టు, ఎక్కాక ఇంకోటి పెట్టు. విసుగనుకో, పెట్టు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మరబోట్లవాళ్ళు ఊళ్ళోనే ఉంటారు, వలలు బాగుచేసుకుంటూ. అప్పుడు వెళ్ళి కూర్చో. ప్లాన్ తీసుకెళ్ళకు, ఎక్కడ ఏం మొలిచేదో అడుగు.

ఆ పెద్దావిడ ఇప్పుడు లేదు. కోడలు భీమిలి మార్కెట్లో చేపలమ్ముతుంది, నేను చూపిస్తాను. ఆదివారం పొద్దున్నే రా, ఇద్దరం వెళ్దాం. ముందు చేపలు కొను, బేరం ఆడకు.

మీ అత్త